ఉగ్గుగిన్నె, పండుగప్ప పిల్ల

మా ఇంట్లో ఒక వెండి ఉగ్గుగిన్నె ఉంది. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాని ముక్కు కాస్త వంకర తిరిగింది, అడుగున సొట్ట పడింది. నాకూ, నా పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ దానితోనే ఉగ్గు పట్టారు. మొన్న వేసవి మొదట్లో మా చిన్న మనవడికి అన్నప్రాశన చేశాం. వాడికి ఆరో నెల. వాళ్ల నాన్న పాయసం వేలి కొసతో తీసి నాలిక మీద రాశాడు. వాడు ఒక్క క్షణం ఊరుకుని, నాలికతో మొత్తం బయటికి తోసేశాడు. అందరూ నవ్వారు. పదేళ్ల మనవరాలు మాత్రం నవ్వలేదు.

"తాతయ్యా, వాడికి నచ్చలేదా?"

"నచ్చకపోవడం కాదు అమ్మలూ. పసిపిల్లల నోట్లో పాలు కానిదేదైనా పడితే నాలిక దాన్ని బయటికి నెట్టేస్తుంది. గొంతుకు అడ్డం పడకుండా ప్రకృతి పెట్టిన కాపలా అది. నాలుగు నెలలు దాటాక ఆ కాపలా కొంచెం కొంచెంగా సడలుతుంది. ఆరో నెలలో అన్నం ముట్టించమని మన పెద్దవాళ్లు పెట్టిన ఆచారమూ, ఆరు నెలలు నిండాక పైఆహారం మొదలుపెట్టమని ఇప్పటి డాక్టర్లు చెప్పే మాటా చూడు, రెండూ దాదాపు ఒకేచోట కలుస్తున్నాయి."

అది కాసేపు ఆలోచించింది. "మరి చేపపిల్లలకి అన్నప్రాశన ఎవరు చేస్తారు?"

నేను ముప్పై ఏళ్లకు పైగా జువాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి. ఇంత మంచి ప్రశ్న తరగతిలో నన్నెవరూ అడగలేదు. దీనికి జవాబు చెప్పడం కంటే చూపించడం మేలనిపించింది. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు సముద్రతీరంలో ఒక చేపల హేచరీలో పనిచేస్తున్నాడు. సెలవుల్లో మనవరాలినీ, దాని పెద్దతమ్ముడినీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. అక్కడ పెంచుతున్నది పండుగప్ప.

పండుగప్ప అంటే కృష్ణా, గోదావరి తీరాల్లో తెలియనివాళ్లు ఉండరు. బెంగాలీలు దీన్నే భెట్కీ అంటారు, తమిళులు కొడువా అంటారు. ఉప్పునీటిలో పుడుతుంది. ఏటి మొగల గుండా పైకి ఈదుకొచ్చి మంచినీటిలోనూ పెరుగుతుంది. గుడ్లు పెట్టే కాలానికి మళ్లీ సముద్రం వైపు సాగిపోతుంది. మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడచేపగా మారిపోతుంది. ఒకప్పుడు రైతులు చెరువులో వేసుకోవడానికి దీని పిల్లల్ని ఏటి మొగల్లో వలలు వేసి ఏరుకొచ్చేవారు. దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. 1970ల మొదట్లో థాయ్‌లాండ్‌లోని సాంగ్‌ఖ్లాలో హేచరీలో గుడ్లు పొదిగించి పిల్లల్ని తీశారు. మన దేశంలో 1997లో చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉప్పునీటి చేపల సాగు పరిశోధన సంస్థ 'సీబా' శాస్త్రవేత్తలు తమ దగ్గర పెంచిన తల్లిచేపలతో గుడ్లు పెట్టించారు. ఆ తర్వాత రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వాళ్లు తమిళనాడు తీరంలోని తొడువాయ్‌లో పండుగప్ప హేచరీ పెట్టారు. ఇంత చేసినా గుడ్లు పెట్టించడం సగం పనే. పుట్టినదాన్ని అన్నం తినే వయసు దాకా తీసుకురావడం మిగతా సగం.

ముందు దాని పసితనం ఎలా ఉంటుందో చెబుతాను, వినండి.

గుడ్డు ముప్పావు మిల్లీమీటరు ఉంటుంది. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే పెద్దది. నీళ్లు వెచ్చగా ఉంటే పదహారు, పద్దెనిమిది గంటల్లో చిట్లి పిల్ల బయటికొస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవు, గాజులాంటి ఒళ్లు, పొట్ట కింద చిన్న సంచి. ఆ సంచి తల్లి కట్టిచ్చిన సద్దిమూట. మూడో రోజుకల్లా ఆ మూట దాదాపు ఖాళీ అవుతుంది. ఈలోగా నోరు తెరుచుకుంటుంది గానీ, ఆ నోటి వెడల్పు పావు మిల్లీమీటరు. అందులో పట్టేదేమిటి? తవుడు పట్టదు, చెక్కపిండి పట్టదు. పట్టినా అది తినదు. కదిలేదాన్నే తింటుంది.

ఇక్కడ జపాన్ వాళ్ల కథ ఒకటి చెప్పాలి. అక్కడ ఈల్ చేపల చెరువుల్లో ఉన్నట్టుండి పచ్చటి నీళ్ల రంగు విరిగిపోయేది. రోటిఫర్ అనే సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి, నీళ్లలోని పచ్చనాచును తినేయడమే కారణం. రైతులకు అదొక పీడ. 1960 ప్రాంతంలో ఇటో అనే శాస్త్రవేత్త ఆ రోటిఫర్‌నే విడిగా పెంచి చేపపిల్లలకు మేతగా పెట్టి చూశాడు. పిల్లలు బతికాయి. ఆ తర్వాత సముద్రచేపల హేచరీల్లో చాలావాటికి అదే తొలి ఉగ్గు అయింది. తల మీద రెండు చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించే ఈ జీవి మిల్లీమీటరులో పదోవంతు నుంచి మూడు పదోవంతుల దాకా ఉంటుంది. నెమ్మదిగా ఈదుతుంది, పిల్లచేప నోట్లో పడుతుంది, ముద్దకు సరిపోతుంది. మగతోడు అక్కర్లేకుండానే పిల్లల్ని పెట్టేస్తుంది కాబట్టి అన్నీ అమరితే ఒక్క రోజులో మంద రెట్టింపవుతుంది.

వారం పది రోజులు గడిచేసరికి పండుగప్ప పిల్లకు రోటిఫర్ చాలదు. అప్పుడు వచ్చేది ఆర్టీమియా. ఉప్పునీటి కయ్యల్లో బతికే చిన్న రొయ్యలాంటి జీవి అది. నీళ్లు ఎండిపోయే కాలంలో దాని గుడ్లు గట్టి పెంకు కట్టుకుని, ఏళ్ల తరబడి పొడి ఇసుకలా పడి ఉంటాయి. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పుసరస్సులో వాటిని తెట్టుగా ఎత్తి, ఆరబెట్టి, డబ్బాల్లో పెట్టి ప్రపంచమంతా పంపుతారు. మన తీరం పొడవునా ఉన్న రొయ్యల హేచరీల్లోనూ ఆ డబ్బాలు కనిపిస్తాయి. 1939లో నార్వేలో రోలెఫ్సెన్ అనే శాస్త్రవేత్త సముద్రచేప పిల్లలకు ఈ ఆర్టీమియా పిల్లల్ని పెట్టి పెంచవచ్చని చూపించాడు. సముద్రచేపల్ని హేచరీలో పెంచే విద్యకు అదొక పెద్ద మలుపు.

ఇది మాటల్లో చెబితే మా మనవడు నమ్మలేదు. "పొడి ఇసుకలోంచి ప్రాణి వస్తుందా?" అన్నాడు. హేచరీ కుర్రాడు వాడికి ఒక చిటికెడు గుడ్లు కాగితంలో కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చాక ఒక లీటరు నీళ్లలో ముప్పై గ్రాముల ఉప్పు కలిపి, సీసా తలకిందులుగా కట్టి, అక్వేరియం గాలిపంపు పెట్టి, పక్కన బల్బు వెలిగించాం. మర్నాడు అదే వేళకు పంపు ఆపి, సీసా అడుగున టార్చి వెలిగించాం. పెంకులు పైకి తేలాయి. అడుగున వెలుగు చుట్టూ నారింజరంగు మబ్బు ఒకటి కమ్ముకుంది. ఆ మబ్బంతా ప్రాణమే. ఒక్కొక్కటి అరమిల్లీమీటరు. ఒక్క గ్రాము మంచి గుడ్లలోంచి రెండు నుంచి మూడు లక్షల పిల్లలు వస్తాయి. వాడు ఆ సీసా ముందు నుంచి అన్నానికి లేవలేదు.

"అయితే ఇదే పెట్టేస్తూ పోవచ్చుగా తాతయ్యా? మళ్లీ పొడిమేత ఎందుకు?" అని మనవరాలు అడిగింది.

అడగాల్సిన మాటే. ఆర్టీమియా ఖరీదైన సరుకు. పైగా రోజూ పొదిగించాలి, పెంకులు వేరుచేయాలి. పెంకు పిల్లచేప పేగులో అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. ఇంకోటి, మెదడుకూ కంటికీ కావలసిన డిహెచ్‌ఎ అనే కొవ్వు దానిలో సహజంగా దాదాపు ఉండదు. అందుకని చేపనూనె కలిపిన నీళ్లలో దాన్ని కొన్ని గంటలు ఉంచి, అది ఆ నూనె తాగాక అప్పుడు పిల్లచేపకు పెడతారు. మా అమ్మ ఉగ్గులో రెండు చుక్కల నెయ్యి వేసినట్టే. అన్నిటికంటే ముఖ్యం, పెరిగే పిల్లకు అరమిల్లీమీటరు మేత ఎన్నాళ్లు సరిపోతుంది? చెరువులోకి వెళ్లాక దానికి గుళికల మేత తినడం వచ్చి ఉండాలి.

"అలాగైతే మొదటి రోజు నుంచే పొడిమేత పెడితే?"

అక్కడే ఉంది అసలు కథ. మూడు గండాలు ఉన్నాయి.

మొదటిది చూపు. ఆ పసిచేప కంటికి ఆనేది కదలిక. వేటాడేటప్పుడు దగ్గరగా చూడండి. ఎర కనపడగానే ఆగిపోతుంది. ఒంటిని పాము మెలికలా వంచుతుంది. ఒక్క క్షణం అలాగే బిగపట్టి, విల్లు వదిలినట్టు ముందుకు దూకుతుంది. పొడిమేత రేణువు మెలికలు తిరగదు, తప్పించుకోదు. ఊరికే కిందికి దిగుతుంది. అడుగుకు చేరిందా, ఇక పండుగప్ప దాని వంక చూడదు. నేలమీద పడ్డది ఏరుకు తినే జాతి కాదు అది.

రెండోది కరిగిపోవడం. బెల్లం గడ్డ నీళ్లలో వేస్తే కరగడానికి ఎంతసేపు పడుతుంది? అదే బెల్లం పొడి వేస్తే? రేణువు ఎంత చిన్నదైతే నీటికి తగిలే పైభాగం అంత ఎక్కువ. పిల్లచేప నోటికి పట్టేంత చిన్న రేణువులోంచి కొన్ని నిమిషాల్లోనే అమైనో ఆమ్లాలు, విటమిన్లు నీళ్లలోకి జారిపోతాయి. పిల్ల నోటికి పిప్పి మిగులుతుంది, సారమంతా నీళ్లపాలై అక్కడ కుళ్లు మొదలవుతుంది. బతికున్న ఎర అలా కాదు. తన సారాన్ని తన చర్మం లోపలే దాచుకుని ఈదుతూ ఉంటుంది.

మూడోది అన్నిటికంటే పెద్దది. పసి పండుగప్పకు కడుపు ఉండదు.

నేను పరిహాసానికి అనడం లేదు. నోటి నుంచి వెనక దాకా ఒకే గొట్టం. ఆమ్లం ఊరే జీర్ణాశయం ఇంకా తయారుకాలేదు. ఉన్నది పేగు, పేగులో కొన్ని ఎంజైములు. మెత్తటి, నీళ్లు నిండిన రోటిఫర్‌ను అవి అరిగించగలవు. అరగకుండా మిగిలిన ప్రోటీన్ ముక్కల్ని పేగు వెనకభాగంలోని కణాలు అలాగే తమలోకి లాక్కుని, లోపల కరిగించుకుంటాయి. బతికున్న ఎర తన ఎంజైముల్ని కూడా తెచ్చి అరుగుదలకు సాయం చేస్తుందని ఒకప్పుడు గట్టిగా అనుకునేవారు. కొలిచి చూస్తే ఆ సాయం చాలా కొద్దిదని తేలింది. అసలు సంగతి ఎర మెత్తదనంలో, దానిలో ముందే విడిగా ఉన్న అమైనో ఆమ్లాల్లో ఉంది. పొడిమేతలో ఉండేది ఎండిన, గట్టిపడిన ప్రోటీన్. దాన్ని ఉడికించడానికి పొయ్యి కావాలి. ఆ పొయ్యి జీర్ణాశయం.

కాలేజీలో నేను ఈ పసిచేపల్ని పలుచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూపించేవాణ్ణి. మొదటివారం పిల్లలో గొట్టం గొట్టంలాగే ఉంటుంది. రెండో వారం చివరికి వచ్చేసరికి ఒకచోట గొట్టం ఉబ్బి మడత పడుతుంది. ఆ మడత గోడలో గులాబీరంగు గ్రంథులు వరసగా, దానిమ్మ గింజల్లా పేర్చుకుంటూ కనిపిస్తాయి. ఆమ్లం, పెప్సిన్ వచ్చేది వాటిలోంచే. మూడో వారం ముగిసేసరికి లోపల పులుపు నిలుస్తుంది. పొయ్యి అంటుకున్నట్టే. అప్పటిదాకా అన్నం పెట్టడానికి మనం తొందరపడితే ఏమవుతుంది?

నాకు తెలిసిన ఒకచోట పన్నెండో రోజునే ఆర్టీమియా ఆపేశారు. డబ్బాలు అయిపోయాయి, కొత్తవి రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. నేను వెళ్లేసరికి తొట్టెలో పొడిమేత పుష్కలంగా ఉంది, పిల్లలు కూడా తింటున్నట్టే కనిపించాయి. పొట్టలు నిండుగానే ఉన్నాయి. కానీ తలలు పెద్దవై, వెనక ఒళ్లు దారంలా సన్నబడిపోయింది. కడుపు నిండా పెట్టుకుని ఆకలితో చచ్చిపోతున్నాయి. నాలుగో రోజుకు తొట్టె అడుగు తెల్లగా అయిపోయింది. ఆ దృశ్యం నేను మరిచిపోలేదు. నోరు తీసుకున్నంత మాత్రాన సరిపోదు, కడుపు సిద్ధంగా ఉండాలని అప్పుడు నాకు అర్థమైంది.

అందుకని మా హేచరీ కుర్రాడు తొందరపడడు. ఇరవై రోజులు దాటి, పిల్ల సెంటీమీటరు పొడవు మించాక మొదలుపెడతాడు. మేం వెళ్లిన రోజు పొద్దున్నే ఆరింటికి తొట్టె దగ్గర నిలబడ్డాం. రాత్రంతా తినలేదు కాబట్టి పిల్లలు ఆకలిమీద ఉన్నాయి. అదే అదను. నల్లటి ఒళ్లు, నుదుటి మీదుగా తెల్లటి చార, వేల సంఖ్యలో. అతను మూడువేళ్లతో చిటికెడు మేత తీసుకుని, గాలిబుడగలు లేచే చోట నీటి మీద చల్లాడు. బుడగల తోపుకి రేణువులు గిర్రున తిరిగాయి. కదలనిదానికి ఆ బుడగలే కదలిక ఇచ్చాయి. ఒక పిల్ల మెలిక తిరిగి దూకింది, నోట్లోకి తీసుకుంది, మరుక్షణం ఉమ్మేసింది.

"చిన్నతమ్ముడిలాగే!" అని మా మనవరాలు గట్టిగా అరిచింది.

అతను కంగారుపడలేదు. మరో చిటికెడు. మరో నిమిషం ఆగి ఇంకో చిటికెడు. ఆ మేతలో చేపపిండితో పాటు స్క్విడ్, క్రిల్ వంటివి కలిపి ఉంటాయి. వాటి వాసన, రుచి పిల్లల్ని పిలుస్తాయి. పావుగంట అలా చల్లాక, అప్పుడు ఆర్టీమియా వదిలాడు. మొదటి రోజుల్లో ఆకలి తీరేది దానితోనే. పొడిమేత పరిచయం కోసం. రోజురోజుకీ ఆర్టీమియాను కొంచెం కొంచెం తగ్గిస్తూ, పొడిమేతను పెంచుతూ పోతాడు. పగటి ఆర్టీమియా ముందు మానేస్తాడు, పొద్దు గూకే వేళ పెట్టేది చివరిదాకా ఉంచుతాడు. తల్లులు పాలు మాన్పించేటప్పుడు రాత్రిపాలు ఆఖరున మాన్పిస్తారు కదా, అలాగ. వారం పది రోజులు పడుతుంది. ఒక్కసారిగా మాన్పిస్తే కొన్ని నేర్చుకుంటాయి, మిగిలినవి పోతాయి.

తినిందో లేదో ఎలా తెలుస్తుంది? అతను ఒక గాజుగ్లాసులో నాలుగు పిల్లల్ని తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. ఒళ్లు నల్లగా ఉన్నా పొట్ట దగ్గర చర్మం పలుచన కాబట్టి లోపలిది కనిపిస్తుంది. మూడింటి పొట్ట నారింజరంగు, అంటే ఆర్టీమియా. ఒకదాని పొట్ట గోధుమరంగు. "అదిగో, ఇది అన్నం తినింది" అన్నాడు. పిల్లలిద్దరూ గ్లాసు దగ్గర తలలు ఆనించి ఆ ఒక్కదాన్నే చూస్తూ ఉండిపోయారు.

ఈ పనిలో ఇంకో జాగ్రత్త ఉంది. పండుగప్ప వేటాడే జాతి. కొన్ని పిల్లలు త్వరగా మేత నేర్చుకుని, ముందుగా పెరిగిపోతాయి. పెరిగినది తనలో సగం పైచిలుకు పొడవున్న తోబుట్టువును కూడా తోక కనిపించేలా మింగేస్తుంది. మేత సరిగ్గా అందకపోతే ఈ పని మరీ ఎక్కువ. అందుకే మూడు నాలుగు రోజులకోసారి చిల్లుల తొట్టెలతో జల్లెడ పట్టి, చిన్నవాటిని చిన్నవాటితో, పెద్దవాటిని పెద్దవాటితో వేస్తారు. మిగిలిపోయిన మేతను అడుగు నుంచి గొట్టంతో లాగేస్తారు. లేకపోతే అది కుళ్లి అమ్మోనియా అవుతుంది.

తిరిగొచ్చేటప్పుడు మనవడు అడిగాడు: "తాతయ్యా, మన చెరువులో శీలావతి పిల్లలకి ఇంత కష్టం లేదుగా? అవి చెక్క, తవుడు గబగబా తింటాయి."

"వాటి వంటిల్లే వేరురా. శీలావతికీ, బొచ్చెకూ పుట్టినప్పుడే కాదు, చచ్చేదాకా కడుపు ఉండదు. గొంతులో పళ్లతో నూరుకుని, బారెడు పేగులో తీరిగ్గా అరిగించుకుంటాయి. అవి కూడా మొదటి రోజుల్లో నీళ్లలోని పురుగునే తింటాయి, కానీ పొడిమేతకు త్వరగా అలవాటు పడతాయి. పండుగప్ప మాంసం తినే జాతి. దానికి పొయ్యి లేనిదే వంట లేదు."

ఇంత ఓపిక ఎందుకో కూడా చెప్పాలి. కైకలూరు వైపు పండుగప్ప పెంచే రైతులు చాలాకాలంగా చిన్నచేపల్ని, తిలాపియాను మేతగా వేస్తున్నారు. అలా పెట్టినప్పుడు ఒక కిలో పండుగప్పకు నాలుగు నుంచి ఎనిమిది కిలోల చేప ఖర్చవుతుంది. చేపలో ముప్పావువంతు నీళ్లే కదా. అదే మంచి గుళికల మేతతో ఆస్ట్రేలియా రైతులు కిలోకు కిలోన్నర, కిలోముప్పావులో తేల్చారు. పైగా ముక్కల చేప నీటిని పాడుచేస్తుంది, జబ్బులు తెస్తుంది, వానల్లో దొరకదు. మనిషి తినగలిగిన చిన్నచేపను చేపకు వేయడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. అయితే చెరువులోకి వచ్చాక, వేటకు అలవాటుపడిన పిల్లకు గుళికలు నేర్పడం చాలా కష్టం. నేర్పాల్సింది ఆ ఇరవయ్యో రోజు, ముప్పయ్యో రోజు మధ్య, ఆ తొట్టెలోనే. చెరువుగట్టున రైతు లెక్క మారాలంటే, పొద్దున్నే ఆ కుర్రాడి మూడు వేళ్ల చిటికె దగ్గరే మారాలి.

మేం తిరిగొచ్చిన ఆరు రోజులకు హేచరీ కుర్రాడు మా మనవరాలి కోసం ఫోన్‌కు ఒక ఫొటో పంపాడు. అదే గాజుగ్లాసు, వెనక అదే కిటికీ. లోపల ఎనిమిది పిల్లలు. ఏడింటి పొట్టలు గోధుమరంగు.

ఆ సాయంత్రం మనవరాలు ఉగ్గుగిన్నె తానే కడిగింది. అన్నం మెత్తగా పిసికి, పప్పుకట్టు కలిపి, వాళ్లమ్మ చేత జారుడుగా చేయించి, చిన్నతమ్ముడి ముందు కూర్చుంది. వేలి కొసతో ఒక్క చుక్క పెట్టింది. వాడు నాలికతో తోసేశాడు. తుడిచి, కొంచెం ఆగి మరో చుక్క పెట్టింది. మళ్లీ తోసేశాడు. వాళ్లమ్మ ఇంకోసారి పెట్టమంది గానీ అది గిన్నె పక్కన పెట్టేసింది.

"రేపు చూద్దాంలే అమ్మా, ఇవాళ్టికి పాలు పట్టు" అంది.